తుఫాను రాత్రికి ఏ వైర్‌లెస్ సెట్టు?

ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి వచ్చిన ప్రశ్న ఇది. "మాస్టారూ, తిత్లీ తుఫానులో మా ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. ఈసారి ముందే కుర్రాళ్ళమంతా చందా వేసుకుని వాకీటాకీలు కొందామనుకుంటున్నాం. పోలీసు, ఫైర్, అంబులెన్సు వాళ్ళు మాట్లాడుకునేది మాకు వినపడాలి. అవసరమైతే మేమూ మాట్లాడాలి. చౌకగా దొరికే చైనా బావోఫెంగ్ సెట్టు సరిపోతుందా, ఇంకా ఖరీదైనది కొనాలా?"

బాబూ, ముందుగా సూటిగా చెబుతాను. పోలీసుల మాటలు వినడం కోసం ఏ సెట్టూ కొనకండి. చందా డబ్బు అలాగే ఉంచండి, దానితో చేయవలసిన మంచి పని వేరే ఉంది. మీ భయంలో న్యాయం ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను గజపతి జిల్లాను ఎంత దెబ్బ తీసిందో పర్లాకిమిడిలో ఉండి చూసినవాణ్ణి. బరఘరలో వాన నుంచి తలదాచుకోవడానికి గుహలోకి వెళ్ళినవాళ్ళ మీద కొండచరియ విరిగిపడింది. తుఫాను అంటే సముద్రం ఒడ్డు వాళ్ళ బాధ అనుకునే మనకు ఆ ఏడాది కొండలే యముడయ్యాయి. గంజాం సహా ఒడిశాలోని ఆరు తీర జిల్లాల్లో 122 చోట్ల హెచ్చరిక సైరన్ల టవర్లు ఉన్నాయి. తీరం లేని మన గజపతి ఆ ఆరింటిలో లేదు. కాబట్టి ఊరు తన ఏర్పాటు తాను చేసుకోవాలన్న మీ ఆలోచన నూటికి నూరుపాళ్ళూ సరైనదే.

ఇక పోలీసు ఫ్రీక్వెన్సీల సంగతి. మన దేశంలో, మినహాయింపు ఉన్న తక్కువ శక్తి సెట్లు తప్పిస్తే, వైర్‌లెస్ సెట్టు దగ్గర ఉంచుకోవడానికే అనుమతి కావాలి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ ఇదే పద్ధతి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో, ఇతరుల సందేశాన్ని అక్రమంగా మధ్యలో పట్టుకుంటే మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని రాసి ఉంది. విదేశాల్లో కొన్నిచోట్ల జనం స్కానర్లు పెట్టుకుని పోలీసుల సంభాషణలు వింటారు. ఆ వీడియోలు చూసి ఇక్కడా చెల్లుతుందనుకోవద్దు. లైసెన్సు ఉన్న నాలాంటి హామ్‌కు, అంటే ఇష్టంకొద్దీ సొంతంగా రేడియో నడిపేవాడికి, కూడా ఆ హక్కు లేదు. మాకు ఉద్దేశించని సందేశం పొరపాటున చెవిన పడినా బయటికి చెప్పకూడదన్నది మా షరతు.

అందులోనూ మనది సరిహద్దు. గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లో వైర్‌లెస్ సెట్టు కనబడితే దాన్ని ఎవరూ ఆట వస్తువుగా చూడరు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు ఇంటర్నెట్‌లో రెండు సెట్లు తెప్పించుకుని, సంచిలో పెట్టుకుని పాతపట్నం వైపు వెళ్తూ తనిఖీలో దొరికిపోయాడు. బిల్లు మీద "రేడియో బొమ్మ" అని రాసి ఉంది. అనుమతి పత్రం లేదు, పెట్టె మీద ఫ్రీక్వెన్సీ ఊసే లేదు. పిక్నిక్‌కి తీసుకెళ్తున్నానని వాడు చెప్పినది నిజమే. అయినా సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. వాళ్ళ నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్తే తప్ప వదల్లేదు, సెట్లు మాత్రం తిరిగి రాలేదు. ఆ రోజు బల్ల మీద ఆ రెండు సెట్ల పక్కన కూర్చున్న వాడి ముఖం నాకింకా గుర్తుంది. మీ ఊరి కుర్రాళ్ళలో ఎవరికీ ఆ గతి పట్టకూడదు.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టినా, మీరు అనుకున్నది ఆ సెట్టులో వినపడదు. బావోఫెంగ్ యూవీ-5ఆర్ అందుకునేది 136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ మధ్య, డిజిటల్ కాని మామూలు ఎఫ్‌ఎం పద్ధతి మాటలను మాత్రమే. ప్రభుత్వ శాఖల సెట్లు డిజిటల్‌కు మారిన చోట దానికి వినపడేది మోటారు తిరిగినట్టు ఒక గరగర శబ్దమే. సంకేతలిపి వేసి పంపే మాటలను ఎంత ఖరీదైన సెట్టూ విప్పలేదు. 108 అంబులెన్సుకు కబురు వెళ్ళేదే ఫోను మీద, అక్కడ వినడానికి వైర్‌లెస్ సంభాషణ ఏముంటుంది? లాప్‌టాప్‌కు తగిలించి దాన్నే రేడియోగా మార్చే ఎస్‌డీఆర్ డాంగిల్ గురించి కూడా కొందరు చెబుతారు. నేర్చుకోవడానికి అది చక్కటి వస్తువు. కరెంటు లేని మూడో రోజున లాప్‌టాపే ఉండదు కాబట్టి మీ పనికి రాదు.

అసలు ప్రశ్న ఇది: ఆ రాత్రి మీ ఊరికి ఏం తెలియాలి? గుణుపూర్ దగ్గర వంశధార ఎంత పెరిగింది? పర్లాకిమిడి రోడ్డు తెగిందా, ఉందా? పురిటి నొప్పులు మొదలైన ఆవిడను ఏ వైపు తీసుకెళ్ళాలి? పక్క ఊరి బడిలో చోటు ఉందా? వీటికి జవాబులు పోలీసు చానెల్‌లో దొరకవు. ఎగువన మీకోసం సెట్టు పట్టుకుని కూర్చున్న మనిషి దగ్గర దొరుకుతాయి. నది పెరిగిన సంగతి గుణుపూర్‌లో ముందు తెలుస్తుంది, కాశీనగర్‌కు నీళ్ళు ఆ తరువాతే వస్తాయి. ఆ మధ్య వ్యవధి మీది. దాన్ని వాడుకోవడానికి కావలసిన ఏర్పాటు ఏమిటో చెబుతాను.

మొదటిది చాలా చౌక. పెన్సిల్ సెల్స్‌తో నడిచే మీడియం వేవ్, ఎఫ్‌ఎం రేడియో. ఇంటికొకటి కాకపోయినా వీధికొకటి ఉండాలి. చేత్తో తిప్పితే చార్జి అయ్యే రకం దొరికితే మరీ మంచిది. ఆకాశవాణి విశాఖపట్నం నుంచి తెలుగులో, బరంపురం నుంచి ఒడియాలో తుఫాను సమాచారం వస్తుంది. మన ఇళ్ళలో రెండు భాషలూ నడుస్తాయి కాబట్టి రెండూ వినండి. ఎఫ్‌ఎం అందని కొండ చాటు ఊళ్ళకు రాత్రిపూట మీడియం వేవ్ బాగా అందుతుంది. చిన్నవాళ్ళకు ఈ రేడియో మీద చులకన ఉంది. కానీ అనుమతి అక్కరలేకుండా, సెల్స్ ఉన్నంతకాలం బయటి కబురు నమ్మకంగా చెప్పేది ఇదొక్కటే.

రెండోది, ఊరి లోపల మాట్లాడుకోవడానికి లైసెన్సు అక్కరలేని వాకీటాకీలు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. గట్టు మీద ఉన్నవాడు, బడిలో వంట చేసేవాడు, పడవ దగ్గర ఉన్నవాడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఇవి చాలు. ఇళ్ళ మధ్య ఒకటి, ఒకటిన్నర కిలోమీటరు కన్నా ఎక్కువ ఆశించకండి. పెట్టె మీద "పది కిలోమీటర్లు" అని రాస్తే అది కొండ మీది నుంచి కొండ మీదికి కొలిచిన లెక్క. కొనేటప్పుడు చూడవలసినది ఈటీఏ, అంటే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ సర్టిఫికెట్. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకాలకు మార్గదర్శకాలు పెట్టింది. సెట్టు ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, అనుమతి ఉందో లేదో అమ్మేవాడు చెప్పాలి. చెప్పకపోతే ఆ దుకాణం వదిలేయండి. బిల్లు జిరాక్సు సెట్టుతో పాటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచండి.

మూడోదే అసలైనది. మీలో ఇద్దరు ముగ్గురు హామ్ లైసెన్సు తీసుకోండి. పన్నెండేళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా పరీక్ష రాయవచ్చు. లైసెన్సులో కింది మెట్టైన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ అక్కరలేదు. ఇంటర్ ఫిజిక్స్ వచ్చినవాడికి కొంచెం ఎలక్ట్రానిక్స్, కొంచెం నిబంధనలు చదివితే సరిపోతుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. లైసెన్సు చేతికి రావడానికి సమయం పడుతుంది, అందుకే ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను. అక్టోబరులో తుఫాను వస్తుందని సెప్టెంబరులో దరఖాస్తు చేస్తే లాభం లేదు. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఈ పనిలోనే ఉంది. 2004 డిసెంబరు సునామీ రోజుల్లో అండమాన్‌లో హామ్ రేడియో నడపడానికి వెళ్ళి ఉన్న భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు బయటికి పంపిన సంగతి మీరు వినే ఉంటారు. 1999 అక్టోబరు 29 మహా తుఫానులో ఒడిశా తీరంలో టెలిఫోన్లు మూగబోయినప్పుడు కూడా హామ్‌లే సెట్లు మోసుకుని వెళ్ళారు. లైసెన్సు ఉంటే జిల్లా కంట్రోల్ రూముకు మీరే ఉపయోగపడతారు. వాళ్ళ మాటలు చాటుగా వినవలసిన అవసరం పోయి, వాళ్ళే మిమ్మల్ని పిలిచి నది సంగతి అడిగే రోజు వస్తుంది.

ఇప్పుడు సెట్టు గురించి. హామ్‌లకు మన దేశంలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వీహెచ్‌ఎఫ్, 434 నుంచి 438 యూహెచ్‌ఎఫ్ ఉన్నాయి. కొండలు, చెట్లు ఉన్న మన ప్రాంతానికి వీహెచ్‌ఎఫ్ మేలు. లైసెన్సు వచ్చాక, ఈటీఏ ఉన్నదే కొనాలన్నది మరవకండి. యూవీ-5ఆర్ చెడ్డదేమీ కాదు. తక్కువ ధర, రెండు బ్యాండ్లు, సుమారు 5 వాట్లు. కానీ టవర్ల పక్కన నిలబడితే దాని చెవులు మూసుకుపోతాయి, స్కానింగ్‌లో సెకనుకు మూడు చానెళ్ళ కన్నా వేగం లేదు, వానలో తడిస్తే నమ్మలేం. వాన కోసమే కొనేటప్పుడు నేనైతే ఇంకొంత వేసుకుని ఐకామ్ ఐసీ-వీ86 లాంటిది చూస్తాను. ఒక్క వీహెచ్‌ఎఫ్ బ్యాండే, 7 వాట్లు, నీటి జల్లుకు తట్టుకునే ఐపీ54 రక్షణ. మాట్లాడేటప్పుడు నొక్కే పీటీటీ బటను గట్టిగా ఉంటుంది, తడి చేత్తో కూడా వేలికి తెలుస్తుంది. ఏ సెట్టు కొన్నా, సెట్టులో చానెళ్ళు నింపే చిర్ప్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో కేవలం వినే చానెళ్ళలో ప్రసారం ఆపేయండి. యూవీ-5ఆర్‌కు ఆ పట్టికలో డూప్లెక్స్ గడిలో "ఆఫ్" అని పెడితే చాలు. సంచిలో బటను నొక్కుకుపోయి ఇంకొకరి చానెల్‌ను గంటసేపు మూసేసిన సెట్టును నేను చూశాను.

అయితే సెట్టు మీద పెట్టే డబ్బు కన్నా యాంటెన్నా ఎత్తు మీద పెట్టే శ్రమ ఎక్కువ ఫలం ఇస్తుంది. మాస్టారిని కాబట్టి లెక్క చెప్పకుండా వదలను. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకోండి. దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చవేయండి. వచ్చినదే కిలోమీటర్లలో దాని చూపు దూరం. రెండు వైపుల దూరాలూ కలిపితే మీ మాట అందే దూరం. చేతిలో పట్టుకున్న సెట్టు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటే 5 కిలోమీటర్లు. ఇద్దరూ చేత్తో పట్టుకుంటే చదును నేల మీద 10. ఇది గరిష్ఠం, చెట్లూ ఇళ్ళూ దీన్ని ఇంకా తినేస్తాయి. అదే రెండు వైపులా 12 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉంటే 14, 14 కలిసి 28. గుణుపూర్ నుంచి కాశీనగర్ సూటిగా సుమారు పాతిక కిలోమీటర్లు! మధ్యలో గుట్ట అడ్డం రాకుండా చోటు చూసుకుంటే వంశధార లోయ వెంట 5 వాట్లతోనే మాట్లాడవచ్చు. వాట్లు పెంచి లాభం లేదు, కొండను వాట్లు దాటలేవు. (1501 మీటర్ల మహేంద్రగిరి శిఖరానికి ఇదే లెక్క వేస్తే 160 కిలోమీటర్లు. అక్కడొక హామ్ రిపీటర్, అంటే మాటను అందుకుని మళ్ళీ దూరానికి పంపే సెట్టు, ఉండాలన్నది నా చిరకాల కోరిక.)

ఆ యాంటెన్నా కొననక్కరలేదు. 145 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం ఊచ పొడవు సుమారు 49 సెంటీమీటర్లు. పాత గొడుగు ఊచలు ఐదు తీసుకుని ఆ కొలతకు కత్తిరించండి. ఒకటి నిలువుగా, తీగ తగిలించే సాకెట్ మధ్య సూదికి, మిగిలిన నాలుగు అంచు రంధ్రాలకు నట్లతో బిగించి, కిందికి ఏటవాలుగా వంచండి. తుప్పు, రంగు గీరేయాలి, లేకపోతే అతుకు పట్టదు. సాకెట్‌ను వెదురు గడ కొసన కట్టండి. కిందికి దింపే తీగ విషయంలోనే చాలామంది నష్టపోతారు. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ పదిహేను మీటర్లు వేస్తే మీ 5 వాట్లలో సగం దారిలోనే పోతాయి. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 తీగ 75 ఓమ్‌లది, మన సెట్టు 50 ఓమ్‌లది. పుస్తకం ప్రకారం జత కుదరదు. కానీ నష్టం తక్కువ కాబట్టి ఆచరణలో అదే మేలు, పైగా ప్రతి ఊళ్ళో దొరుకుతుంది.

తిత్లీ రాత్రి నా డాబా మీద ఇలాంటిదే ఉండేది. రెండు గంటల ప్రాంతంలో గాలి పెంకులను లాగేస్తుంటే కిటికీ పక్కన కూర్చుని పిలుస్తున్నాను. మొదట జవాబులు వచ్చాయి, తరువాత ఎదుటివాడి గొంతు మెల్లగా పలచబడిపోయింది. సెట్టు పోయిందనుకున్నాను. తెల్లవారాక గడ దించి చూస్తే, సాకెట్ దగ్గర చుట్టిన నల్ల టేపు కింది నుంచి నీళ్ళు దిగి, తీగ అల్లిక మూర లోపలి దాకా ఆకుపచ్చగా తిరిగి ఉంది. ఒక్క రాత్రికి అంత మారదు. వానాకాలమంతా నెమ్మదిగా దిగిన నీరే, ఆ రాత్రి బయటపడింది. అటక మీద పాత దూరదర్శన్ యాంటెన్నాకు వాడిన బల్లపరుపు తీగ చుట్ట ఉంటే, మీటరున్నర లోపు ముక్కతో ఒక వేలాడే యాంటెన్నా చేసి వేప కొమ్మకు కట్టాను. మధ్యాహ్నానికి మళ్ళీ మాట కలిసింది. అప్పటి నుంచి సాకెట్ మీద ముందు సాగే రబ్బరు టేపు, దాని మీద నల్ల టేపు కింది నుంచి పైకి చుడుతున్నాను. తీగను ఇంట్లోకి తెచ్చేచోట కిందికి ఒక వంపు వదులుతాను, నీటి బొట్టు అక్కడే రాలిపోతుంది. ఉరుములు మొదలైతే మాత్రం ఎంత అవసరమైన మాటైనా ఆపి, తీగ ఊడదీసి గుమ్మం బయట పడేయండి. పిడుగుతో పంతం వద్దు.

బ్యాటరీ విషయం కూడా ముందే ఆలోచించాలి. ఈ సెట్ల చార్జర్లు గోడ ప్లగ్గుకు తగిలించేవి, మీరు సెట్టు వాడే రోజున ఆ ప్లగ్గులో కరెంటు ఉండదు. 5 వాట్లలో మాట్లాడేటప్పుడు సెట్టు సుమారు ఒకటిన్నర ఆంపియర్ తాగుతుంది, వింటూ ఊరుకుంటే అంతకన్నా చాలా తక్కువ. అందుకే గంటకొకసారి, ముందే అనుకున్న నిమిషంలో, రెండు వైపులా సెట్లు తెరవాలి. రెండు నిమిషాలు మాట్లాడి మూసేయాలి. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ యూపీఎస్ బ్యాటరీ ఒకటి, దాని నుంచి సెట్టు తీసుకునే తగిన వైరు, చిన్న సోలార్ పలక ఉంటే వారం గడుస్తుంది.

గోపాలపూర్, ఆర్జిపల్లి వైపు మన తెలుగు మత్స్యకారులు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. పడవ మీద ఈ హామ్ సెట్లు వాడకూడదు. సముద్రానికి వేరే మెరైన్ వీహెచ్‌ఎఫ్ సెట్లు, వేరే లైసెన్సు ఉన్నాయి. ఆపదలో పిలవవలసినది 156.8 మెగాహెర్ట్జ్, అంటే 16వ చానెల్.

ఫోను పనిచేస్తున్నంతసేపూ ముందు ఫోనే వాడండి. అత్యవసరానికి 112, జిల్లా కంట్రోల్ రూముకు 1077, రాష్ట్రానిది 1070. ఈ మూడు నంబర్లూ బడి గోడ మీద రంగుతో రాయించండి, సెట్లు పట్టుకునేవాళ్ళ పేర్లు కూడా పక్కనే ఉండాలి.

లైసెన్సు వచ్చేలోగా నేర్చుకోవడానికి ఒక దారి ఉంది. మీలో పరీక్ష రాయదలచినవాళ్ళు ఒక ఆదివారం పర్లాకిమిడి రండి, నా సెట్టు మీద విందాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన నెత్తి మీదుగా వెళ్ళేటప్పుడు, వ్యోమగాములు హామ్ రేడియోలో మాట్లాడే రోజైతే, 145.800 మెగాహెర్ట్జ్‌లో వాళ్ళ గొంతు ఈ గొడుగు ఊచల యాంటెన్నాకే అందుతుంది. వచ్చేటప్పుడు మీ ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తైన డాబా ఎవరిదో, దాని ఎత్తు ఎన్ని మీటర్లో కొలుచుకుని రండి. గుణుపూర్ వైపు గడ ఎంత ఎత్తు కావాలో ఆ రోజే లెక్క వేసేద్దాం.